పంది వెన్నెముక చెప్పే కొలతలు

"ఎక్స్‌రే చాలునా డాక్టరుగారూ, స్కానింగు కూడా తీయించాలా?" నడుం నొప్పితో వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు కొంతవరకు పంది వెన్నెముక దగ్గర దొరుకుతుంది. నవ్వకండి!

వంకర తిరిగిన లేక విరిగిన వెన్నెముకను నిలబెట్టడానికి వెన్నుపూసల్లోకి స్క్రూలు బిగిస్తారు. స్క్రూ దిగే ఎముక చాలా సన్నగా ఉంటుంది. పక్కనే వెన్నుపాము, నరాలు. అందుకే ముందుగా కొలవాలి. అయితే ఆ కొలత సరైనదో కాదో తేలేదెలా? రోగి ఎముకను బయటకు తీసి చూడలేము. పంది వెన్నెముకనైతే ముందు స్కాన్ తీసి, తరువాత మాంసం తొలగించి, ఎముకను కాలిపర్స్‌తో కొలిచి సరిచూడవచ్చు. పరిశోధకులు చేసేది అదే.

ఎక్స్‌రేలో కనబడేది నీడ. దీపానికి దగ్గరగా చెయ్యి పెడితే గోడమీద నీడ పెద్దదవుతుంది కదా, అలాగే ఫిల్ముకు దూరంగా ఉన్న ఎముక అసలుకంటే పెద్దదిగా పడుతుంది. అయినా మనిషిని నిలబెట్టి వంకర ఎంతో చూడడానికి ఎక్స్‌రేయే అనువు. పడుకుంటే వంకర కొంత తగ్గిపోతుంది.

ఎముక మందం కొలవడానికి సి.టి. మేలు. ముక్కలు పలుచగా తీస్తేనే సుమా. మందంగా తీస్తే అంచులు మసకబారతాయి. రేడియేషన్ కూడా ఎక్కువే. ఎం.ఆర్.ఐ.లో ఆ బాధ లేదు. డిస్కు, వెన్నుపాము, నరాలు చక్కగా కనిపిస్తాయి. కాని గట్టి ఎముక అందులో నల్లగా పడుతుంది కనుక దాని అంచు పట్టుకోవడం కష్టం.

ఇంకొక చిక్కు, లెక్క. మనిషికి ఛాతీ భాగంలో సాధారణంగా 12 పూసలు, నడుములో 5. పందికి ఛాతీలో 14 లేక 15, నడుములో 6 లేక 7 ఉండవచ్చు. పందికీ పందికీ తేడా. ముందు సరిగా లెక్కపెట్టకపోతే ఒక పూసకు బదులు మరొకటి కొలుస్తారు. కొందరు మనుషుల్లోనూ నడుము పూస ఒకటి ఎక్కువో తక్కువో ఉంటుంది.

ఇక మీ ప్రశ్నకు వద్దాం. కొద్ది వారాల మామూలు నడుం నొప్పికి చాలామందికి ఏ ఫొటో అవసరం లేదు. కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరి పెరుగుతున్నా, మూత్రం పట్టు తప్పినా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా, పడి దెబ్బ తగిలినా ఆలస్యం చేయవద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఎం.ఆర్.ఐ.కి ముందే చెప్పండి. పాత ఫిల్ములు, సి.డి.లు ఇంట్లో ఉంటే వెంట తీసుకురండి.