కారవాన్‌కు ఆన్‌లైన్ వేలం: 1.800 వేరు, 1,800 వేరు

సినిమావాళ్ల పుణ్యమా అని మన దగ్గర కారవాన్ అంటే షాటుకీ షాటుకీ మధ్య హీరోగారు సేదదీరే ఏసీ బండి. బహ్రెయిన్‌లో మేం చెప్పుకునే కారవాన్ వేరు. దీనికి ఇంజన్ ఉండదు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే చక్రాల గది ఇది. లోపల రెండు పడకలు, ఓ గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, నెత్తిన ఏసీ. చలి మొదలవగానే సఖీర్ ఎడారిలో గుడారాల ఊరొకటి వెలుస్తుంది, ఆ గుడారాల మధ్య ఇవీ నిలబడతాయి. నాలుగు వందల ఏళ్ల నాటిదని చెప్పే ‘జీవవృక్షం’ ఉన్నదీ ఈ దక్షిణపు ఎడారిలోనే. అది మన జమ్మిచెట్టుకు చుట్టమే. మేం నాలుగు కుటుంబాలం కలిసి కొన్న పాత కారవాన్‌ను మూడు సీజన్లు వాడుకున్నాం. మాలో ఇద్దరు ఇండియాకు సర్దుకోవడంతో ఆన్‌లైన్ వేలానికి పెట్టాం. అప్పుడు మమ్మల్ని నిద్రపోనివ్వని సందేహాలే మిమ్మల్నీ పీడిస్తాయి కనుక, ఒక్కొక్కటీ తేల్చుకుందాం.

లెక్క తేలిగ్గా ఉండటానికి కారవాన్ ధర 1,800 దినార్లు అనుకుందాం. దినార్‌కు 1,000 ఫిల్సులు. డాలరుకు 0.376 దినార్ అని మారకం కట్టేసి ఉంది కాబట్టి దినార్ డాలరు వెంటే నడుస్తుంది. రూపాయల్లో దినార్ విలువ 220 పైమాటే. అంటే మన చేతిలో ఉన్నది నాలుగు లక్షల రూపాయల సరుకు. ఊళ్లో అయితే ఇంత సొమ్ముకు ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెడతాం. ఆన్‌లైన్‌లో ఆ పెద్దరికం కూడా మనమే చేసుకోవాలి.

అసలు వేలం ఎందుకు, ఫలానా రేటు అని ప్రకటన ఇచ్చి అమ్మేయొచ్చు కదా అంటారా? కారుకైతే అదే మేలు. అదే మోడలు కార్లు పది అమ్మకానికి ఉంటాయి, రేటు ఇట్టే తెలిసిపోతుంది. పాత కారవాన్‌కు అలా పోల్చి చూసుకునే జత దొరకదు. ధర తెలియని వస్తువుకే వేలం అందం. అయితే బాలాపూర్ లడ్డూను మాత్రం మనసులో పెట్టుకోకండి. 1994లో 450 రూపాయలు పలికిన ఆ లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది, కానీ అక్కడ పాడేది భక్తీ, పరపతీ. కారవాన్‌కు పాడేవాడు టైర్లు చూసి పాడతాడు.

ఇంకో తేడా కూడా తెలియాలి. అరబ్బీలో వేలాన్ని ‘మజాద్’ అంటారు. ఆ పేరుతోనే బహ్రెయిన్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ ముంతలకత్‌కు చెందిన వేలం కంపెనీ ఉంది. కోర్టు తీర్పుల కింద అమ్మే ఆస్తులూ, బండ్ల ఫ్యాన్సీ నంబర్లూ అక్కడ ఆన్‌లైన్‌లో వేలం అవుతుంటాయి. అలాంటి చోట పాట పాడితే మాట ఇచ్చినట్టే. మామూలు ప్రకటనల సైట్లలో ‘మీ ధర చెప్పండి’ అన్న గడి చూడటానికి వేలంలాగే ఉంటుంది గానీ, అక్కడ అంకె వేసినవాడు మర్నాడు ఫోనెత్తకపోయినా అడిగే దిక్కు ఉండదు. మీరు పెట్టేది ఏ రకమో నిబంధనల్లో చదివి చూసుకోండి. అమ్మకం రుసుము కూడా అక్కడే ఉంటుంది. ఉదాహరణకు 5 శాతమైతే 1,800లో 90 దినార్లు సైటుకు పోతాయి.

మొదటి అంకె ఎంత పెట్టాలి? పల్లెటూరి వేలంలో ముందుగా ‘సర్కారు వారి పాట’ అని ఒకటి చెబుతారు. ఆన్‌లైన్‌లో దాన్నే రెండుగా చీల్చారు: అందరికీ కనిపించే ఆరంభ ధర ఒకటి, మీకూ సైటుకూ మాత్రమే తెలిసిన రిజర్వు ధర మరొకటి. పాట రిజర్వును తాకకపోతే మీరు అమ్మనక్కర్లేదు. నా సలహా అయితే ఆరంభం కిందికి, రిజర్వు నిక్కచ్చిగా. 900 దగ్గర మొదలైతే నలుగురు తొంగి చూస్తారు. 1,600 రిజర్వు ఉంటే మీకు నష్టం రాదు.

చాలామందిని గాభరాపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. సైటులో పాటదారు తన గరిష్ఠ ధర ఒక్కసారే చెప్పి పక్కకు తప్పుకోవచ్చు, మిగతాది సైటే అతని తరఫున మెట్టు మెట్టుగా పాడుతుంది. ఒకాయన 1,700 దాకా, ఇంకొకాయన 1,950 దాకా సిద్ధమనుకోండి. మెట్టు 10 దినార్లయితే రెండో ఆయనకు 1,710కే దక్కుతుంది. ‘అయ్యో, 240 పోయాయే’ అనిపిస్తుంది. పోలేదు. ధరను నిర్ణయించేది ఎప్పుడూ రెండో స్థానంలో ఉన్నవాడే. 1961లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త ఈ తరహా వేలం గుట్టు విప్పాడు, 1996లో అతనికి నోబెల్ ప్రకటించారు. మనకు పనికొచ్చే పాఠం ఏమిటంటే ఒక్క శ్రీమంతుడి కోసం ఎదురుచూడకుండా నిజంగా కావలసినవాళ్లు ఇద్దరు ఉండేలా చూసుకోవాలి. ఆ రెండోవాడు దొరకలేదని బావమరిదితో పాడించకండి. అది మోసం, దొరికితే సైటు మీ ఖాతానే మూసేస్తుంది.

వేలం ఏ రోజు ముగియాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. చూడటానికి జనం వచ్చేది ఆ రెండు రోజులే, బ్యాంకులు మూసి ఉండేవీ ఆ రెండు రోజులే. అందుకే శుక్రవారం, శనివారం చూపించి ఆదివారం రాత్రి 8 గంటలకు ముగించడం మంచిది. సోమవారం పొద్దున బ్యాంకు తెరిచి ఉంటుంది. గురువారం రాత్రి ముగించారో, డబ్బు వచ్చిందా రాలేదా అని ఆదివారం దాకా వేళ్లు కొరుక్కోవాలి. నెలాఖరున జీతాలు పడిన వారమైతే మరీ మంచిది.

ప్రకటనలో ఏం రాయాలి? కొనేవాడు ఎలాగూ కనిపెట్టేవన్నీ ముందే మీరే రాయండి. టైరు పక్కన ఓ చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైనదని అర్థం. కారవాన్ ఏడాదిలో తొమ్మిది నెలలు ఒకేచోట ఎండలో నిలబడుతుంది కాబట్టి గాళ్లు అరగకపోయినా రబ్బరు చస్తుంది. అయిదేళ్లు దాటిన టైర్లను అనుమానంగానే చూస్తారు. మా టైరు గడిని ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి పెట్టాం. వచ్చిన ఫోన్లలో సగం దాన్ని మెచ్చుకున్నవే.

తర్వాతిది చెమ్మ. ఎడారిలో చెమ్మేమిటని నవ్వకండి. ద్వీపం కదా, వేసవిలో బయట అడుగుపెడితే కళ్లద్దాలు మసకబారతాయి. కిటికీ అంచు రబ్బరు ఎండకు పగిలి, ఆ సందులోంచి గోడలోకి తేమ దిగుతుంది. గోడకు ఆనించి తేమ శాతం చూపే చిన్న మీటరు దొరుకుతుంది. 15 లోపు ఉంటే నిశ్చింత, 15 నుంచి 20 మధ్య అయితే గమనించాలి, 20 దాటితే నీరు చొరబడుతోందని సాధారణంగా లెక్క. పరుపులు లేపి మూలమూలా చూసి, వచ్చిన అంకెలు రాసేయండి. మాకు ఒక మూల 18 వచ్చింది. దాచలేదు.

మూడోది బరువు. ఖాళీ కారవాన్ 1,100 కిలోలు, నిండుగా అనుమతించినది 1,300 అనుకుంటే సామానుకు మిగిలేది 200 కిలోలు, అంటే 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది. అందులో 40 లీటర్ల నీళ్లకే 40 కిలోలు, అంటే బస్తాన్నర పైచిలుకు పోయాయి. నిండు బరువు లాగే కారు బరువులో 85 శాతం మించకుండా ఉండాలని బ్రిటన్‌లో కారవాన్‌వాళ్లు పాటించే సూత్రం. 1,300కు ఆ లెక్కన కనీసం 1,530 కిలోల కారు కావాలి. ఈ ముక్క రాస్తే చిన్న కారున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. మీకు నాలుగు శుక్రవారాలు మిగులుతాయి.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బహ్రెయిన్‌లో మనలాంటివాళ్లం చిల్లర కొట్టు నుంచి ఇంటి అద్దె దాకా వాడేది బెనిఫిట్‌పే అనే యాప్. అందులో ‘ఫవ్రీ ప్లస్’ పద్ధతిలో డబ్బు పండగైనా సెలవైనా సెకన్లలో పడుతుంది, కానీ రోజుకు 1,000 దినార్ల వరకే. మామూలు ‘ఫవ్రీ’కి ఆ పరిమితి లేదు, అయితే అది బ్యాంకు పనిదినాల్లో విడతలవారీగా చేరుతుంది. అంటే 1,800 దినార్లు ఒక్క నొక్కుతో సెకన్లలో రావు. ఈరోజు 1,000, రేపు 800. ‘1,800 ఇప్పుడే పంపేశాను, పడిపోయింది చూడండి’ అంటూ ఎవరైనా శనివారం సాయంత్రం స్క్రీన్‌షాట్ చూపిస్తే నవ్వి ఊరుకోండి.

ఆ స్క్రీన్‌షాట్‌లోనే ఇంకో మెలిక ఉంది. దినార్‌కు చుక్క తర్వాత మూడు అంకెలు రాస్తారు. వెయ్యిన్ని ఎనిమిది వందల దినార్లు అంటే 1,800.000. ఒక దినార్ ఎనిమిది వందల ఫిల్సులు అంటే 1.800. రూపాయి, పైసల లెక్కలో పెరిగిన కన్నుకు 1.800 చూడగానే పద్దెనిమిది వందలే కనిపిస్తాయి. అది నాలుగు లక్షల రూపాయలు కాదు, నాలుగు వందలు. మాకు వచ్చిన ఒక మెసేజీలో సరిగ్గా ఇదే ఉంది: నిజంగానే డబ్బు పంపారు, నిజమైన రసీదే, అంకె 1.000. ఎదుటివాడి ఫోను పక్కన పెట్టి మన బ్యాంకు యాప్ తెరిచి, మొత్తం నిల్వ ఎంత పెరిగిందో చూసుకోవాలి.

డబ్బు తీసుకోవడానికి ఓటీపీ ఎందుకు? అక్కర్లేదు, ఏనాడూ అక్కర్లేదు. మీరు ఇవ్వాల్సింది బీహెచ్‌తో మొదలయ్యే 22 అక్షరాల ఐబాన్, అంటే దేశదేశాలకూ పనికొచ్చే మీ బ్యాంకు ఖాతా చిరునామా, అంతే. ఐబాన్ ఇంటి నంబరు లాంటిదైతే ఓటీపీ తాళంచెవి. ‘ఈ లింకులో కార్డు వివరాలు కొడితే మీకు డబ్బు జమ అవుతుంది’ అన్నవాడు కొనడానికి రాలేదు. ‘నేను దమ్మామ్‌లో ఉన్నాను, 2,100 పంపుతున్నా, పైనున్న 300 బండి లాగడానికి వచ్చే డ్రైవరుకు ఇచ్చేయండి’ అన్నవాడూ రాలేదు. 2,100 తర్వాత మాయమవుతాయి, మీ 300 మాత్రం నిజంగానే పోతాయి. ఇలాంటివి సైబర్ నేరాల హాట్‌లైన్ 992కు చెప్పొచ్చు.

నగదు ఇస్తానంటే? తప్పులేదు. ఇక్కడ అన్నిటికన్నా పెద్ద నోటు 20 దినార్లు, కాబట్టి 1,800కు 90 నోట్లు, జేబులో పట్టే కట్ట. దాన్ని సఖీర్ ఇసుకలో టార్చిలైటు కింద లెక్కపెట్టకండి. కొనే ఆయన్ని మీ బ్యాంకు శాఖకే రమ్మని, కౌంటరులో మీ ఖాతాలో వేయించండి. లెక్కా, నోట్ల అసలు నకిలీ తేడా కూడా వాళ్లే చూసుకుంటారు. చెక్కు అయితే సొమ్ము మన ఖాతాలో జమ అయ్యేదాకా అది కాగితమే.

గుర్తింపు కోసం ఇద్దరూ సీపీఆర్ కార్డులు చూపించుకోండి. చూపించుకోవడం వేరు, ఫొటో పంపడం వేరు. ఆ కార్డు మీద ఉండే తొమ్మిది అంకెల నంబరులో మొదటి నాలుగూ మీరు పుట్టిన ఏడాది, నెల. కాపీ ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా ‘కారవాన్ అమ్మకం కోసం మాత్రమే’ అని తేదీతో రాసి ఇవ్వండి.

అమ్మకం కాగితం మీద ధర, ఛాసిస్ నంబరు, ఇద్దరి సంతకాలతో పాటు గంట కూడా వేయండి. ‘సోమవారం సాయంత్రం 5.40’ అన్నట్టు. 6 గంటలకు రోడ్డు మీద ఏదైనా జరిగితే ఆ ఇరవై నిమిషాలే మిమ్మల్ని కాపాడతాయి. బండికి నంబరూ, ముల్కియా అని పిలుచుకునే యాజమాన్య కార్డూ ఉంటే పేరు మారిన తర్వాతే తాళం ఇవ్వాలి. బీమా రద్దు చేయించడం ఆ తర్వాతి పని. అడ్వాన్సు మాత్రమే ఇచ్చి ‘బండి ఇప్పుడే తీసుకెళ్తాను, పిల్లలు సరదాపడుతున్నారు’ అంటే పిల్లలకు చాక్లెట్లు పెట్టి పంపండి.

ఇంతా చేసి పాట అనుకున్న 1,800 దాకా రాకపోతే? ఇది సీజన్ సరుకు. ఏటా నవంబరు ప్రాంతంలో మొదలై ఫిబ్రవరి, మార్చి దాకా సాగే క్యాంపింగ్‌కు ముందు, అంటే అక్టోబరులో అడిగేవాళ్లు ఎక్కువ. మార్చిలో అందరూ అమ్మేవాళ్లే. మరి మార్చిలో 1,650 ఇస్తానన్నవాడిని పంపించేసి అక్టోబరుకు ఆగాలా? ఆపి ఉంచే చోటుకు నెలకు 15 దినార్లు అనుకుంటే ఏడు నెలలకు 105. అక్టోబరులో 1,800 వచ్చినా చేతికి మిగిలేది 1,695. తేడా 45 దినార్లు, ఏడు నెలల ఎండ, టైర్ల వయసులో ఇంకో అరేడాది. మేం మార్చిలోనే ఇచ్చేశాం. లాక్కెళ్లేముందు సొరుగులన్నీ ఖాళీ చేశామనే అనుకున్నాం. సింకు కింద అరలో ఆవకాయ సీసా ఉండిపోయింది. కొన్న ఆయన ఫోన్ చేసి, ఇదేంటి, అన్నంలోనా రొట్టెలోనా అని అడిగాడు.