ఎండయు, పరుగును, గడియారమును



తెల్లవారుజామున పొలమునకు పోవువారికి ఈ కాలమున ఒక దృశ్యము తరచుగా కానవచ్చుచున్నది. చెరువుకట్టమీదను, తారురోడ్డు ప్రక్కను, బడి మైదానమునను పదునెనిమిది ఇరువదియేండ్ల పిల్లలు పరుగెత్తుచుందురు. ఒకని చేతిలో సెల్‌ఫోను ఉండును. అది కాలమును లెక్కించుచుండును. వీరు వినోదమునకై పరుగెత్తువారు కారు. పోలీసు కొలువునకో, సైన్యమునకో ఎంపిక కావలెనని పరుగెత్తువారు. 2022వ సంవత్సరపు తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలోను ముగింపవలెనని నియమము. ఆ గడువునకు ఒక సెకండు మించినను అభ్యర్థి మూట కట్టుకొని ఇంటికి మరలవలసినదే.

ఇట్టి పరుగునకు మధ్యదూరపు పరుగని పేరు. నూరు మీటర్ల పరుగు బిగబట్టిన ఊపిరితో ముగియును. పది కిలోమీటర్ల పరుగు ఓర్పుతో నడచును. ఈ రెండింటి నడుమ 800, 1500 మీటర్ల పరుగులు కలవు. వీనికి వేగమును కావలయును, ఓర్పును కావలయును. ఇట్టి పరుగును మండు వేసవిలో, గడియారమునకు లోబడి పరుగెత్తవలసి వచ్చినప్పుడు దేహమునకు ఏమగును? పిల్లల పెద్దలమైన మనము చేయదగినదేమి? ఈ విషయమును నేడు విన్నవింతును.

మొదట గడియారము మాట. ఒలింపిక్ క్రీడలకు పోగోరువాడు ముందుగా ఒక నిర్ణీతకాలములోపల పరుగును ముగించి అర్హత పొందవలయును. 2016లో రియో నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు పురుషుల 800 మీటర్ల పరుగున ఆ కాలము 1 నిమిషము 46 సెకండ్లు. కేరళ దేశస్థుడును, సైనికుడును అగు జిన్సన్ జాన్సన్ ఆ యేడు జూలైలో బెంగుళూరున పరుగెత్తి 1 నిమిషము 45.98 సెకండ్లలో గమ్యమును చేరెను. గడువునకు మిగిలినది సెకండులో నూరింట రెండు పాళ్లు మాత్రమే. ఆయన వేగమునుబట్టి లెక్క కట్టితిని: ఆ వ్యవధిలో మనిషి ముందునకు జరుగు దూరము సుమారు పదునైదు సెంటీమీటర్లు, అనగా రెండు బెత్తలు. ఎనిమిదివందల మీటర్ల శ్రమకు ఫలము ఆ రెండు బెత్తలలో నిలిచినది. రియోలో ఆయన తొలి వంతును దాటలేదు. కాని అచటికి చేర్చినవి మాత్రము ఆ రెండు బెత్తలే.

ఇందొక వింత కలదు. నూరు మీటర్ల పరుగున గాలి వెనుకనుండి సెకండునకు 2 మీటర్లకు మించిన వేగముతో తోడ్పడినచో ఆ పరుగును రికార్డుగా అంగీకరింపరు. గాలి చేసిన సాయమునకు లెక్క కలదు. ఎండ చేసిన కీడునకు మాత్రము లెక్క లేదు. చల్లని సాయంకాలమున పరుగెత్తినవానికిని, నిప్పులు చెరగు మధ్యాహ్నమున పరుగెత్తినవానికిని అదే గడువు. గడియారమునకు కాలభేదము తెలియును గాని ఋతుభేదము తెలియదు. అందువలననే తెలిసిన క్రీడాకారులు పరుగునకు తావును, వేళను ఏరుకొందురు. బెంగుళూరు సముద్రమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. జూలైలో అచట గాలి చల్లగా నుండును.

అట్లని ఎండలో వేగముగా పరుగెత్తుట అసాధ్యమని తలంపరాదు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడల తుదిపోటీలో శ్రీరామ్ సింగ్ 800 మీటర్లను 1 నిమిషము 45.77 సెకండ్లలో పరుగెత్తి ఏడవవాడుగా నిలిచెను. ఆ భారత రికార్డు నలువది రెండేండ్లు చెక్కుచెదరలేదు. దానిని 2018 జూన్‌లో జిన్సన్ జాన్సనే గౌహతిలో 1 నిమిషము 45.65 సెకండ్లతో అధిగమించెను. జూన్ మాసమున గౌహతి ఎట్లుండునో ఎరుగనివారు మన కోస్తాలోని ఉక్కపోతను తలచుకొందురు గాక. మరి అట్టి తావున రికార్డు ఎట్లు సాధ్యమైనది? రెండు నిమిషములలోపల ముగియు పరుగున దేహము పూర్తిగా కాగుటకు వ్యవధి చాలదు. పైగా కొంత వెచ్చదనము కండరములకు మేలే చేయును. ఎండవలని ముప్పు పరుగు పొడవైనకొలది పెరుగును. వరుసలో నిలుచుండి వేచియుండుటలో పెరుగును. దినదిన సాధనలో పెరుగును. మన పిల్లవాడు పరుగెత్తు ఏడు నిమిషములు జిన్సన్ పరుగునకు నాలుగింతలు. దానికి ముందు అతడు ఎండలో నిలుచుండిన గంటలను కూడ చేర్చుకొనవలయును.

దేహము ఏల కాగునో చెప్పుదును. మనము తిన్న అన్నమునుండి కండరములు పుట్టించు శక్తిలో నాలుగు పాళ్లకు సుమారు ఒక పాలు మాత్రమే పరుగునకు ఉపయోగపడును. తక్కిన మూడు పాళ్లును వేడిగా మారును. పొయ్యిలోని మంటలో కొంత మాత్రమే కుండకు తగిలి, తక్కినది ఇల్లంతయు కాచినట్లు. ఈ వేడి బయటికి పోనిచో మనిషి నిలువజాలడు. ఆ వేడిని వెడలగొట్టుటకు దేహమునకు గల ముఖ్యోపాయము చెమట.

చెమట పనిని తెలిసికొనుటకు పెద్ద గ్రంథములక్కరలేదు. మన యింటి మట్టికుండ చాలును. కుండలోని నీరు సన్నని రంధ్రములగుండ పైకి ఊరి, గాలికి ఆవిరియగును. ఆవిరియగుచు లోని వేడిని తీసికొనిపోవును. అందుచేత నీరు చల్లబడును. మన చర్మమును అట్టిదే. ఒక లీటరు చెమట సంపూర్ణముగా ఆవిరియైనచో అది కొనిపోవు వేడి పది లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి 88 డిగ్రీలవరకు కాచుటకు చాలును. ఇంతటి మేలు చేయునది చెమట కారుట కాదు, ఆరుట. ముసురుపట్టిన దినములలో కుండనీరు చల్లబడకుండుట మీరెరిగినదే. గాలిలో తడి నిండియున్నప్పుడు చెమట ధారలుగా కారి నేలపాలగునే గాని దేహమును చల్లార్పదు. కనుక రెంటచింతలలోని పొడి ఎండ ఒక తీరు, బందరులోని ఉక్క వేరొక తీరు. డిగ్రీలు తక్కువగా నున్నంతమాత్రమున ఉక్కను చులకన చేయరాదు.

ఈ భేదమును కొలుచుటకే శాస్త్రజ్ఞులు మూడు ఉష్ణమాపకములను వాడుదురు. ఒకదానికి తడిగుడ్డ చుట్టుదురు, ఒకదానిని నల్లని గోళములో నుంచి ఎండలో పెట్టుదురు, ఒకటి మామూలుది. పది పాళ్లలో ఏడు పాళ్లు తడిగుడ్డదానికి, రెండు గోళమునకు, ఒకటి మామూలుదానికి ఇచ్చి మొత్తము కట్టుదురు. మనము గొప్పగా చెప్పుకొను నీడలోని డిగ్రీలకు ఆ లెక్కలో పదింట ఒక పాలే దక్కినదని గమనింపుడు.

ఇక నెత్తురు సంగతి. ఒకే కాలువ, రెండు చేలు అనుకొనుడు. పరుగెత్తునప్పుడు కండరములు నెత్తురును కోరును. వేడిని వెలికి తెచ్చుటకు చర్మమును నెత్తురును కోరును. చెమటగా నీరు పోయినకొలది కాలువలో నీరే తగ్గును. అప్పుడు గుండె మరింత వేగముగా కొట్టుకొని రెండు చేలను తడుపజూచును. కొంతవరకు నెగ్గును, ఆ పిమ్మట రెండును ఎండును. ఎండలో పరుగెత్తువాని అడుగు నెమ్మదించుట సోమరితనమువలన కాదు; దేహము తన్ను తాను కాచుకొనుచున్నదన్నమాట.

ఈ మాట నేను పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. నా తప్పువలన తెలిసికొన్నది. ఇరువదియైదేండ్ల క్రిందట నేను ఉపాధ్యాయుడనై యున్నప్పుడు ఒక పిల్లవాడు 1500 మీటర్ల పరుగునకు సాధన చేయుచుండెను. పోటీకి పంపుటకు నేనొక గడువు పెట్టితిని. వాడు ప్రతిదినము ఆ గడువునకు కొన్ని సెకండ్లు వెనుకబడుచుండెను. చైత్రమాసపు మధ్యాహ్నమున మూడు గంటలకు వానిని పరుగెత్తించితిని. “కాలనిది ఇటుక గట్టిపడదు” అని నీతి చెప్పితిని. నడుమ వాడు మంచినీళ్లడిగినప్పుడు, పరుగున నీరు త్రాగినచో కడుపులో పట్టునని వారించితిని. మూడవ చుట్టులో వాడు గీత విడిచి తుమ్మచెట్లవైపు పోసాగెను. పిలిచినచో ఏదో పొంతనలేని మాట పలికెను. నటించుచున్నాడని కోపించితిని. అంతలో వాడు కూలెను. దారిని పోవుచున్న ఒక యిల్లాలు తన చంకలోని బిందె నీళ్లను వాని తలమీదను రొమ్ముమీదను కుమ్మరించి, “పంతులుగారూ, పిల్లాడు కాలిపోతున్నాడు, చూస్తారేమండీ!” అని నన్ను గద్దించినది. పిల్లవాడు బ్రతికెను. ఆ దినమున గురువు నేను కాను, ఆ యిల్లాలు.

ఇది ఒక యూరి ముచ్చట మాత్రమే కాదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఝార్ఖండ్ రాష్ట్రమున ఎక్సైజు కానిస్టేబుళ్ల ఎంపికకై 10 కిలోమీటర్ల పరుగు పెట్టగా పదిమందికి పైగా అభ్యర్థులు మరణించిరి. కారణములనుగూర్చి వాదములు చెలరేగినవి. తుదకు అచటి ప్రభుత్వము పరుగును కొన్ని దినములు నిలిపివేసి, ఉదయము 9 గంటల పిమ్మట ఎవ్వరిని పరుగెత్తింపరాదని ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞ మొదటి దినముననే ఉండవలసినది.

మరి ఎండకు దేహమును అలవరచుట ఎట్లు? అది సాధ్యమే. ప్రతిదినము కొంతసేపు, మొదట నెమ్మదిగా, వెచ్చని వేళ సాధన చేసినచో పది పదునాలుగు దినములలో దేహము మారును. నెత్తురులోని నీరు పెరుగును. చెమట త్వరగా పుట్టును. దానిలో ఉప్పు తక్కువగా పోవును. అదే పరుగునకు గుండె మునుపటికన్న నెమ్మదిగా కొట్టుకొనును. సాధన మానినచో కొన్ని వారములలో ఈ గుణము కరగిపోవును. కావున పట్టణపు గదిలో పంకాక్రింద చదువుకొని, పరుగునకు రెండు దినముల ముందు ఎండలో దిగువానికి ముప్పు మెండు. జ్వరమో విరేచనములో తగిలి లేచినవానికిని, రాత్రి నిద్రలేక బస్సులో వచ్చినవానికిని అట్లే. వేగమును పెంచు గట్టి సాధనను మాత్రము చల్లని వేళకే ఉంచవలయును. ఎండకు అలవాటు వేరు, వేగమునకు సాధన వేరు; రెండింటిని ఒకే మధ్యాహ్నమున కలుపుటయే నేను చేసిన తప్పు.

పందెమునాడు వేచియుండు వేళ నీడను విడువరాదు. క్రీడాకారులు పరుగునకు ముందు మంచుగడ్డలు పెట్టిన అంగీలు తొడుగుకొందురు. మనకు తడిపిన తువ్వాలు చాలును. ఉప్పు వేసిన మజ్జిగ ముందునుండియే కొంచెము కొంచెముగా త్రాగవలయును.

ఇక గుర్తుంచుకొనదగిన మాట. పరుగెత్తువాడు తూలినను, పొంతనలేక మాటలాడినను, దారి తప్పినను, అకారణముగా కోపించినను అది వడదెబ్బ యని తలంపుడు. చెమట పట్టియున్నది గదా యని ఏమరవలదు. పరుగువలని వడదెబ్బలో చెమట పట్టియుండవచ్చును. వెంటనే నీడకు చేర్చి, పై దుస్తులు తీసి, ఒడలెల్ల నీళ్లు కుమ్మరించి విసరుడు. పశువుల నీళ్లతొట్టి దగ్గరనున్నచో తలను పైకి పట్టుకొని ఆ తొట్టిలోనే కూర్చుండబెట్టుడు. ఒకరు 108కి ఫోను చేయుచుండగా తక్కినవారు చల్లార్చుట మానరాదు. మొదట చల్లార్చుట, పిమ్మట తరలించుట. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. జ్వరపు మాత్రలు దీనికి పనిచేయవు.

మన పూర్వులును ఈ వివేకమును ఎరుగుదురు. బలవంతుడు సైతము తన శక్తిలో సగమువరకే వ్యాయామము చేయదగుననియు, అదియు చలికాలమునను వసంతమునను మాత్రమే. తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెననియు వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను. ఉద్యోగమునకై పరుగెత్తు నేటి పిల్లవానికి సగము శక్తి చాలదు, నిజమే. అందుచేతనే వానికి ఋతువెరిగిన పెద్దల అండ కావలయును.

రోహిణిలో రోళ్లు పగులునని మనమే చెప్పుచుందుము. రోలు పగులు ఎండలో పిల్లవాని ధైర్యమును పరీక్షింపబోవుట తగునా? గడియారము ఎండను మన్నింపదు. ఎండ పిల్లవానిని మన్నింపదు. మన్నింపగలిగినవారము మనమే. ఈ యేడు గడువు తప్పినవాడు మరుసటి యేడు పరుగెత్తవచ్చును. రేపు తెల్లవారుజామున చెరువుకట్టమీద పరుగెత్తు పిల్లలు కనబడినప్పుడు వారి గడువు ఎంతయని అడుగుడు. ఆ వెంటనే రాత్రి నిద్రపోయిరా, నీళ్లు తెచ్చుకొనిరా యని కూడ అడుగుడు. నేను ఆనాడు అడుగవలసిన ప్రశ్నలు అవియే.