మోటారు సైకిలుకు ఏ టైరు?

హార్సిలీ కొండ ఎక్కాలనీ, దిగి చెరువుగట్ల వెంట మట్టిబాటలు పట్టాలనీ మోటారు సైకిలున్న కుర్రవాళ్ళకు మహా సరదా. మంచిదే! కాని అందుకు తగిన టైరు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా.

పెద్ద గడ్డల టైరు చూడ్డానికి ఠీవిగా ఉంటుంది. బురదలో, వదులు మట్టిలో ఆ గడ్డలు గోళ్ళలా దిగి పట్టుకుంటాయి. తారు మీద కథ వేరు. నేలకు ఆనే రబ్బరు తక్కువ. బండి వాల్చితే గడ్డలు వంగుతాయి. భాకరాపేట ఘాటు మలుపులో, వాన తడిలో, వెనుక ఇల్లాలు కూర్చుని ఉండగా బ్రేకు వేస్తే, ఆదుకోవలసింది ఆ పట్టే గదా!

అందుచేత, నెలలో తారు మీద ఎంత తిరుగుతారో, మట్టిలో ఎంత తిరుగుతారో ముందు లెక్క చూసుకోండి. తారే ఎక్కువైతే, గడ్డలు దగ్గర దగ్గరగా ఉండి రెండింటికీ పనికివచ్చే టైరు మేలు. సైజు, బరువు, వేగం గుర్తులు బండికి సరిపోవాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. హైవేపై వాడరాదని ఇంగ్లీషులో రాసి ఉండే పందేల టైరు రోడ్డుకు తగదు. గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పదు.

మట్టిలో జారితే మోకాలు దోక్కుపోతుంది. ఘాటులో జారితే పక్కనే లోయ సుమా!