గర్భనిరోధక మాత్రలు: భయమెంత, నిజమెంత?

గోదావరి డెల్టా గ్రామములలో ఇంట వ్రతమో, పెండ్లియో, అన్నవరము ప్రయాణమో తలపెట్టినప్పుడు, బహిష్టు అడ్డురాకుండ మాత్రలు వేసికొను స్త్రీలు కలరు. వాటిని ఎవరినీ అడుగకయే మందుల దుకాణమున కొనుట కద్దు. గర్భనిరోధక మాత్ర అనగానే మాత్రము చాలమంది జంకుదురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లోని 15-49 ఏండ్ల వివాహితలలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. మాత్రలు వాడువారు నూటికి ఒకరు కూడ లేరు. ఆ ధైర్యము, ఈ భయము ఎంతవరకు సమంజసములు?

ముందుగా మాత్ర పనిచేయు విధము తెలిసికొందము. మెదడు అడుగున నున్న పీయూష గ్రంథి పంపు హార్మోనుల వలన నెలకొక అండము విడుదలయగును. గర్భము ధరించినపుడు ఈస్ట్రోజను, ప్రొజెస్టిరోను అను హార్మోనులు హెచ్చుగా నుండుటచే ఈ విడుదల ఆగిపోవును. మాత్రలోని హార్మోనులు ఇట్టి స్థితినే కల్పించును. అంతేగాక గర్భాశయ ముఖమునందలి జిగురు చిక్కబడి శుక్రకణములకు దారి దొరకదు.

ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు మాలా-ఎన్ పొట్లములో 28 మాత్రలుండును. వానిలో 21 హార్మోను మాత్రలు, తక్కిన 7 ఇనుము మాత్రలు. ఒక్కొక్క హార్మోను మాత్రలో ఈస్ట్రోజను 0.03 మిల్లీగ్రాములు మాత్రమే. 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మాత్రలో ఇది 0.15 మిల్లీగ్రాములు. నేటి మోతాదు తూకములో దాని ఐదవ వంతు.

తొలి నెలలలో వికారము, తలనొప్పి, రొమ్ముల సలుపు, నడుమ నడుమ రక్తము కనబడుట కలుగవచ్చును. సాధారణముగా రెండు మూడు నెలలలో ఇవి తగ్గును. మాత్రల వలన గొడ్రాలగుదురను మాట నిజము కాదు. మానినచో గర్భధారణ శక్తి తిరిగి వచ్చును. అండాశయ, గర్భాశయపు లోపొర క్యాన్సర్లు తగ్గును; రొమ్ము, గర్భాశయ ముఖ క్యాన్సర్ల అపాయము మాత్రము కొంచెము హెచ్చును.

అసలు జాగ్రత్తపడవలసినది రక్తపు గడ్డల విషయమున. ఈస్ట్రోజను వలన కాలేయము రక్తమును గడ్డకట్టించు పదార్థములను ఎక్కువగా తయారుచేయును. ఏడాదికి 10,000 మందిలో మాత్ర వాడనివారిలో 1 నుండి 5 మందికి, వాడువారిలో 3 నుండి 9 మందికి సిరలలో గడ్డలేర్పడును. గర్భిణులలో ఈ లెక్క 5 నుండి 20. ప్రసవానంతరము మొదటి 12 వారములలో 40 నుండి 65. అనగా మాత్ర వలన అపాయము పెరుగుట నిజమే, కాని గర్భము వలన కలుగు అపాయము అంతకంటె ఎక్కువ.

అయితే ఈ లెక్క అందరికి ఒక్కటి కాదు. రక్తపుపోటు గలవారు, పూర్వము గడ్డలు ఏర్పడినవారు, కండ్లముందు మెరుపులతో వచ్చు పార్శ్వపు నొప్పి గలవారు, 35 ఏండ్లు దాటి పొగ త్రాగువారు, కాలేయ వ్యాధి లేక రొమ్ము క్యాన్సరు గలవారు, ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చు తల్లులు దీనిని వాడరాదు. క్షయకు వాడు రిఫాంపిసిన్ మాత్ర యొక్క శక్తిని తగ్గించును. ఈస్ట్రోజను పడనివారికి లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో రూపొందిన, హార్మోను కాని ‘ఛాయ’ కలదు. మొదటి మూడు నెలలు వారమునకు రెండుసార్లు, తరువాత వారమునకు ఒకసారి వేసికొనవలెను. దీనివలన బహిష్టు ఆలస్యము కావచ్చును.

ఇక బహిష్టును వాయిదా వేయు మాత్ర సంగతి. ఇందులో నోరెథిస్టిరోన్ అను హార్మోను కలదు. దీనిని సాధారణముగా దినమునకు 15 మిల్లీగ్రాముల వరకు వాడుదురు. శరీరములో దీనిలో కొంతభాగము ఈస్ట్రోజనుగా మారును. కావున పైన చెప్పిన గడ్డల అపాయము దీనికిని వర్తించును. అన్నిటికంటె విచిత్రమేమనగా, ఇట్లు వాడినపుడు ఇది గర్భమును నిరోధించునని నమ్మరాదు!

ఒక కాలు వాచి నొప్పి పెట్టుట, ఛాతీ నొప్పి, ఆయాసము, హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, చూపు మందగించుట—వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఏ మాత్రయైనను అది ఎవరికి, ఎంత మోతాదులో అను ప్రశ్నతోనే మంచిచెడ్డలు నిర్ణయింపబడును. రక్తపుపోటు చూచుటకు ఐదు నిమిషములు చాలును. పండుగకు ముందు దుకాణమునకు పోవు అక్కకు, వదినకు ఈ సంగతి చెప్పగల విద్యార్థిని ఇంటికొకతె యున్నచో, ఎన్నో అపాయములు తప్పును.