రంగుకు వేరే చిట్టా

పులివెందుల, జమ్మలమడుగు మనకు ఊళ్లు. భూగర్భ శాస్త్రజ్ఞులకు రాళ్ల పేర్లు కూడా. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో పులివెందుల పేరు ఒక క్వార్ట్‌జైట్ పొరకు, జమ్మలమడుగు పేరు సున్నపురాయి, షేల్ కలిసిన ఒక వర్గానికి దక్కాయి. ప్రొద్దుటూరుకు ఆ అదృష్టం లేదు గానీ, ఆ వైపు పారే కుందూ పేరు ఇంకో వర్గానికి ఎక్కింది.

పేర్లు సరే, ఇన్ని పొరలను పటంలో గుర్తుపట్టేదెట్లా? 1815లో విలియం స్మిత్ ఇంగ్లండ్ పటానికి ప్రతి ప్రతిలోనూ చేత్తోనే రంగులు వేయించాడు. ఒక్కో పొర అడుగు అంచున రంగు ముదురుగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉండేది. 1881లో బొలోన్యా సభలో దేశదేశాల వాళ్లు కూచుని ఏ యుగానికి ఏ రంగో ఒప్పందానికి వచ్చారు. రంగు వయసు చెబుతుంది, గుర్తులు రాయి జాతి చెబుతాయి: సున్నపురాయికి ఇటుక వరసలు, ఇసుకరాయికి చుక్కలు, షేల్‌కు చిన్న అడ్డగీతలు. అమెరికా వాళ్ల ప్రమాణ పట్టికలో ఆ ఇటుక వరసలకు 627 అని నంబరు కూడా ఉంది.

కాగితం మీద వేసిన రంగు అక్కడే అంటుకుపోయేది. మార్చాలంటే పటం మళ్లీ వేయాల్సిందే. కంప్యూటర్ తెచ్చిన అసలు మార్పు ఇక్కడుంది: గీతను, రంగును విడదీసింది. షేప్‌ఫైల్ అనే పటం ఫైల్‌లో పొర హద్దులు, దాని కోడ్ ఉంటాయి, రంగు ఉండదు. ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో రంగుల చిట్టా క్యూఎమ్ఎల్ అనే వేరే ఫైల్. తెరిచి చూస్తే మామూలు అక్షరాలే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు 247, 53, 99 అని కనిపిస్తే అది ప్రొటెరోజోయిక్ కాలపు గులాబీ ఎరుపు. ఆ కాలానిదే, పులివెందుల దగ్గర పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన మాగ్మా రాయి; దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. అంత కాలాన్నీ మూడు సంఖ్యల్లో పెట్టేశారు!

పెద్ద ఆసుపత్రులు, ఆఫీసు భవనాలను చూసుకునే సాఫ్ట్‌వేర్లదీ ఇదే పద్ధతి. గది గీతకు విభాగం కోడ్ తగిలిస్తారు. ఆ విభాగానికి ఏ రంగు, ఏ గీతల నింపుడు అన్నది డేటాబేస్‌లో విభాగాల పట్టికలో ఉంటుంది. అకౌంట్స్ గదిని స్టోర్ రూమ్ చేస్తే కోడ్ మారిస్తే చాలు, ప్లాన్‌లో రంగు దానంతటదే మారుతుంది.

ఈ ఏర్పాటులో చిక్కూ ఉంది. షేప్‌ఫైల్ ఒక్కటే పంపితే అవతలివాళ్ల తెర మీద క్యూజీఐఎస్ తనకు తోచిన రంగేదో పూసేస్తుంది. జమ్మలమడుగు సున్నపురాయి ఏ ఊదారంగులోనో తేలుతుంది. కాబట్టి జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్ నుంచి మీ మండలం పటం దించుకుని, రంగులు సరిచేసి ఎవరికైనా పంపేటప్పుడు, ఆ క్యూఎమ్ఎల్ ఫైల్ కూడా జతచేయండి.