మూడు చక్రాలు, 1330 సీసీ ఇంజిన్: కెన్-ఆమ్ స్పైడర్ ఎఫ్3.. ఇది బైకా, కారా?

సిగ్నల్ దగ్గర ఆగితే కాలు కింద పెట్టక్కర్లేదు. వెనక్కి తీయాలంటే రివర్స్ గేర్ ఉంది. అలాగని ఇది కారు కాదు. కెనడా కంపెనీ బీఆర్‌పీ 2015 మోడల్‌గా తెచ్చిన క్రూయిజర్, కెన్-ఆమ్ స్పైడర్ ఎఫ్3. మరి బైక్ వచ్చినవాళ్లు దీన్ని ఈజీగా నడిపేయొచ్చా? అసలు ట్విస్ట్ అక్కడే ఉంది!

ఆటోకి ఉల్టా

మన ఆటోకి ముందు ఒక చక్రం, వెనుక రెండు. దీనికి ముందు రెండు, వెనుక ఒకటి. బ్రేక్ వేస్తే బరువు ముందుకే వస్తుంది కదా, అక్కడ రెండు చక్రాలు ఉండటంతో పట్టు బాగుంటుంది.

లుక్, పవర్

సీటు ఎత్తు 675 మి.మీ. మాత్రమే. కాళ్లు ముందుకు చాపి, దర్జాగా కూర్చోవచ్చు. మీ ఎత్తుకు తగ్గట్టు ఫుట్‌పెగ్‌లను 5 పొజిషన్లలో సెట్ చేసుకోవచ్చు. రోటాక్స్ 3 సిలిండర్ల ఇంజిన్ 115 హార్స్‌పవర్ ఇస్తుంది. సెమీ ఆటోమేటిక్ వెర్షన్‌లో క్లచ్ ఉండదు, గేర్లు ఎడమ చేతి దగ్గరి స్విచ్‌తో మార్చాలి.

అలవాట్లు మార్చుకోవాల్సిందే

బైక్‌ని మలుపులో వంచుతాం. ఇది వంగదు. హ్యాండిల్‌ని కారు స్టీరింగ్‌లా తిప్పాలి, మీ శరీరం బయటికి తోసినట్టవుతుంది. కాబట్టి మీరే లోపలికి వాలాలి. ఇంకో విషయం, హ్యాండిల్‌కి బ్రేక్ లివర్ లేదు! కుడికాలి పెడల్ ఒక్కటే మూడు చక్రాలనూ ఆపుతుంది. కంగారులో వేళ్లు లివర్ కోసం వెతికితే అంతే సంగతులు. అందుకే ముందు ఖాళీ స్థలంలో ప్రాక్టీస్ తప్పనిసరి. మలుపులో అదుపు తప్పేలా ఉంటే స్టెబిలిటీ సిస్టమ్ ఇంజిన్ పవర్ తగ్గించి, అవసరమైన చక్రానికి బ్రేక్ వేస్తుంది. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉన్నాయి.

మన రోడ్లకి సెట్ అవుతుందా?

వెడల్పు సుమారు 1.5 మీటర్లు, అంటే ఆటో కంటే ఎక్కువే. ట్రాఫిక్‌లో సందు చూసుకుని దూరిపోవడం కుదరదు. బైక్‌తో గుంత పక్కనుంచి తప్పించుకుంటాం. దీనికి మూడు చక్రాలు మూడు దారుల్లో వెళ్తాయి, ఒకటి తప్పినా ఇంకోటి పడుతుంది.

ఫైనల్‌గా చెప్పాలంటే, బ్యాలెన్స్ భయంతో బైక్‌కి దూరంగా ఉన్నవాళ్లకి, పొడవాటి హైవేలపై హాయిగా వెళ్లాలనుకునేవాళ్లకి ఇది సూపర్. మలుపులో బండి వంచడమే కిక్ అనుకునేవాళ్లు మాత్రం రెండు చక్రాలతోనే ఉండటం బెటర్.