ప్లాస్మా కటింగు యంత్రం: టార్చి ఎత్తును సరిదిద్దుకోవడం ఎలా?

ట్రాక్టరు ట్రాలీలు, గొర్రులు, గుంటకలు, ఇనుప గేట్లు తయారుచేసే గ్రామీణ వర్క్‌షాపులకు సి.ఎన్.సి. ప్లాస్మా కటింగు యంత్రం వరం వంటిది. అయితే రుణంతో ఈ యంత్రాన్ని కొన్నవారిలో కొందరు, కోత వేగంగా సాగుతున్నా ప్రతి ముక్కకూ మళ్లీ గ్రైండింగు తప్పడం లేదని వాపోతుంటారు. కోతలో ఆదా అయిన కూలి గ్రైండింగులో ఖర్చయిపోతే నెల వాయిదాకు మిగిలేదేమిటి? ఇటువంటి చోట్ల యంత్రాన్ని నిందించే ముందు, టార్చి ఎత్తును దానంతటదే నియంత్రించే పరికరపు అమరికను ఒకసారి పరిశీలించడం మంచిది.

ఎత్తును యంత్రం ఎలా గ్రహిస్తుంది?

టార్చికి, ప్లేటుకు మధ్య దూరం పెరిగితే ఆర్కు వోల్టేజి పెరుగుతుంది. దూరం తగ్గితే తగ్గుతుంది. నియంత్రణ పరికరం ఈ వోల్టేజిని కొలిచి, అది మీరు నిర్ణయించిన అంకెకు మించితే టార్చిని దించుతుంది, తగ్గితే పైకి లేపుతుంది. స్థూలంగా 5 వోల్టుల తేడా అర మిల్లీమీటరు ఎత్తుకు సమానం. కనుక ఎత్తు మారకుండా మరే కారణం చేత వోల్టేజి మారినా పరికరం పొరబడుతుంది. ఈ సూత్రం గుర్తుంటే తక్కినవన్నీ సులువుగా బోధపడతాయి.

అమరికకు ముందు

కంప్రెసరు గాలిలో నీరు, నూనె లేకుండా చూడండి. ఎర్తు క్లాంపును తుప్పు, రంగు గీకివేసిన చోట బిగించండి. టార్చి పట్టు వదులుగా ఉండరాదు. కొత్త నాజిల్, కొత్త ఎలక్ట్రోడు వేసుకున్న తరువాతనే అమరిక ప్రారంభించండి. నల్లటి రక్షణ అద్దాలు, పొగ బయటకు పోయే ఏర్పాటు తప్పనిసరి.

అమరిక క్రమం

1. ఎత్తు నియంత్రణను ఆపివేసి, చదునైన ప్లేటుపై, తయారీదారు పట్టికలో ఇచ్చిన ఆంపియర్లు, వేగం, ఎత్తులతో పొడవైన సరళరేఖను కోయండి. చాలా టార్చీలకు కోత ఎత్తు 1.5 నుండి 3 మి.మీ. వరకు ఉంటుంది. ఆర్కు స్థిరపడిన తరువాత కనిపించే వోల్టేజిని వ్రాసుకోండి. కోత బాగుంటే ఆ అంకెయే మీకు ప్రమాణం.

2. రంధ్రం వేసే ఎత్తు, కోత ఎత్తుకు ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఉండాలి. అంతకన్న తక్కువైతే కరిగిన లోహం ఎగసి నాజిల్‌ను పాడుచేస్తుంది. టార్చి కోత ఎత్తుకు దిగి, ఆర్కు నిలకడగా మండిన తరువాతనే నియంత్రణ మొదలయ్యేటట్లు వ్యవధి పెట్టండి.

3. ప్లేటు ఒక చివర కింద ఇనుప ముక్క ఉంచి, కొద్దిపాటి వాలు కల్పించి, నియంత్రణతో కోయండి. టార్చి వాలును ఆలస్యంగా అనుసరిస్తే గేన్ పెంచండి. అది పైకి, కిందికి ఊగుతూ అంచుపై అలలు తెస్తే గేన్ తగ్గించండి. ఒకసారికి ఒక్క అంకెనే మార్చండి.

4. మూలల వద్ద యంత్రం వేగం తగ్గుతుంది. కోత వెడల్పై వోల్టేజి పెరుగుతుంది. టార్చి ఎత్తుగా ఉన్నదని భ్రమించి పరికరం దానిని దించి ప్లేటుకు తగిలిస్తుంది. అందువల్ల వేగం తగ్గినప్పుడు నియంత్రణ నిలిచిపోయే సదుపాయాన్ని వాడండి. చిన్న రంధ్రాలను నియంత్రణ ఆపి కోయడమే మేలు.

అంచు చెప్పే సాక్ష్యం

ముక్క పై అంచు గుండ్రంగా కరిగి ఉంటే టార్చి ఎత్తు ఎక్కువైనట్లు. అడుగు భాగం లోపలికి కోసుకుపోతే తక్కువైనట్లు. నాలుగు వైపులా ఒకే తీరు వాలు ఉంటే ఎత్తును అనుమానించండి. ఒక్కవైపే ఉంటే టార్చి నిలువుగా ఉన్నదో లేదో మూలమట్టంతో చూడండి. అడుగున దళసరిగా పట్టి తేలికగా రాలే చిట్టెం వేగం తక్కువని, సన్నగా గట్టిగా అంటుకున్న చిట్టెం వేగం ఎక్కువని తెలుపుతుంది.

అరుగుదలను మరువరాదు

ఎలక్ట్రోడు మధ్యనున్న హాఫ్నియం అరిగి గుంట పడేకొద్దీ, అదే ఎత్తులో వోల్టేజి పెరుగుతుంది. పాత అంకెనే ఉంచితే టార్చి రోజురోజుకూ కిందికి దిగుతుంది. మొదట చక్కగా వచ్చిన కోత క్రమంగా చెడడానికి ఇది ముఖ్య కారణం. కోత చూసుకుంటూ అంకెను కొద్దికొద్దిగా పెంచండి. గుంట లోతు సుమారు 1 మి.మీ. చేరితే ఎలక్ట్రోడు మార్చి, మళ్లీ మొదటి అంకెకు రండి.

డీలర్లకు, రుణగ్రహీతలకు

డీలర్లు యంత్రాన్ని అప్పగించే రోజున, కొనుగోలుదారు వాడే ప్లేటుపైనే ఈ నాలుగు పరీక్షలు చేసి చూపి, అంకెలను అతని పుస్తకంలో వ్రాసి ఇవ్వాలి. రుణగ్రహీతలు కొటేషనులో ఎత్తు నియంత్రణ పరికరం, గాలి ఆరబెట్టే పరికరం, అదనపు నాజిళ్లు, ఎలక్ట్రోడులు, శిక్షణ ఉన్నవో లేవో చూసుకోవాలి. వీటిని మొదటే ప్రాజెక్టు వ్యయంలో చేర్చితే, తరువాత చేతి డబ్బుకు వెతుక్కోవలసిన పని ఉండదు. 2015లో ప్రారంభమైన ముద్ర యోజన కింద 10 లక్షల రూపాయల వరకు రుణం పొందవచ్చు. తరుణ్ రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి 2024 నుండి ఈ పరిమితి 20 లక్షలు.

వోల్టేజి, వేగం, మార్చిన ఎలక్ట్రోడుల లెక్కను రోజూ పుస్తకంలో వ్రాయండి. గ్రైండింగు లేకుండా బల్లమీదినుండి నేరుగా వెల్డింగుకు పోయే ముక్కలు పెరిగేకొద్దీ వాయిదా చెల్లింపు మీకు భారమనిపించదు.